నాన్న వేట తుపాకీ: కొత్తదానిలా చేయించాలా, ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవాలా?

నాన్న వదిలి వెళ్లిన పాత జోడు గొట్టాల తుపాకీ చేతికి రాగానే చాలామందికి మొదట తోచేది ఒక్కటే: మొత్తం విప్పించి, పాలిష్ పట్టించి, చెక్కకి వార్నిష్ వేయించి తళతళలాడించాలని. రెండో దారి అంత ఆకర్షణీయంగా ఉండదు. తుప్పు ముదరకుండా ఆపి, లోపలి మురికి తీయించి, పైన ఉన్న అరుగుదలని అలాగే వదిలేయడం. నా ఓటు చాలావరకు ఈ రెండోదానికే. అయితే కొన్ని తుపాకులకి మొదటిదే సరైన వైద్యం, అవేమిటో తర్వాత చెప్తాను.

ఏ దారి పట్టినా ముందు మీ పేరు మీద లైసెన్సు ఉండాలి. ఆ కాగితం లేకుండా తుపాకీని దగ్గర ఉంచుకోవడమే నేరం కావచ్చు. దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూడాలి. ఏళ్ల తరబడి మూలన పడున్నదే కదా అనుకుంటే కుదరదు, లోపల తూటా ఉండిపోయిన తుపాకులు బయటపడుతూనే ఉంటాయి.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు ప్రశ్నల్ని కలిపేస్తారు. ఇది చూడ్డానికి ఎలా ఉండాలన్నది ఒకటి, దీన్ని కాల్చవచ్చా అన్నది ఇంకొకటి. పైమెరుగుకీ భద్రతకీ ఏ సంబంధమూ లేదు. అద్దంలా మెరిసే గొట్టం మొదటి తూటాకే పగలొచ్చు, గోధుమరంగు తిరిగిన గొట్టం ఇంకో తరం పనిచేయొచ్చు. పాత యూరోపియన్ తుపాకుల్లో చాలావాటికి తూటా కూర్చునే చాంబర్ 65 మిల్లీమీటర్లే. ఇప్పుడు మామూలుగా దొరికేవి 70 మిల్లీమీటర్ల తూటాలు. గమ్మత్తేమిటంటే ఆ పొడుగు తూటా చిన్న చాంబర్‌లోనూ సులువుగానే దూరిపోతుంది, ఎందుకంటే 70 అన్నది కాల్చాక మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి తూటా పట్టింది కదా అని ధైర్యపడొద్దు. గొట్టాల మీద మెలికలు తిరిగిన గీతల నమూనా కనిపిస్తే అది డమాస్కస్ రకం, అంటే ఇనుప, ఉక్కు కడ్డీల్ని మెలితిప్పి అతికించి చేసిన గొట్టం. అలాంటివాటిలో ఎక్కువ భాగం పాతకాలపు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) వాడిన రోజుల్లో తయారైనవి. అడుగున ప్రూఫ్ ముద్రలుంటాయి (గొట్టాన్ని ఒత్తిడికి పరీక్షించినట్టు కొట్టిన గుర్తులు), వాటిని చదవగలిగిన, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ సరే అనేదాకా నేటి తూటా పెట్టకూడదు. సన్నగా ఉన్నచోట గొట్టం మందం అర మిల్లీమీటరుకు తగ్గితే వాళ్లలో చాలామంది కాల్చొద్దనే చెప్తారు. ఈ పరీక్షకయ్యే ఖర్చు రెండు దారుల్లోనూ తప్పదు. డబ్బు కొద్దిగానే ఉంటే మొత్తం ఇక్కడే పెట్టండి, రంగు తర్వాత చూసుకోవచ్చు.

ఇక ఇనుము సంగతి. పూర్తి మరమ్మతులో ఎక్కువ తుపాకులు పాడయ్యేది ఇక్కడే. నేటి తుపాకులకి నీలినలుపు రంగు తెప్పించడానికి కాస్టిక్ సోడా కలిసిన లవణాల ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల దాకా కాచి అందులో ముంచుతారు. త్వరగా అయిపోతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ పాత జోడు గొట్టాలనీ వాటి మధ్య పట్టీలనీ కలిపి ఉంచేది సీసం, తగరం కలిసిన టంకం. ఆ వేడికి టంకం కరగదు, అది కరగాలంటే 183 డిగ్రీలైనా కావాలి. దాన్ని తినేసేది ఆ కాస్టిక్కే. పైగా పట్టీ కిందికి చేరిన లవణం బయటికి రాదు, అక్కడే కూర్చుని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. పని చేయించిన కొత్తలో ఏమీ తెలియదు. కొన్నాళ్లకి పట్టీ అంచున తెల్లటి పొడి ఊరుతుంది.

ఇలాంటి గొట్టాలకి సరైనది రస్ట్ బ్లూయింగ్. పల్చటి ఆమ్ల ద్రావణం రాసి, కావాలనే సన్నటి ఎర్రతుప్పు పట్టనిస్తారు. తర్వాత నీళ్లలో మరిగిస్తే ఆ ఎరుపు నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది. పైన మిగిలిన పొడిని మెత్తగా రుద్ది తీసేసి మళ్లీ మొదటినుంచి. రంగు చిక్కబడేదాకా ఇదే వరస. రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. ఎవరికైనా పని అప్పగించేముందు ఏ పద్ధతిలో చేస్తారని అడగండి. జోడు గొట్టాలకి వేడి ద్రావణమే వాడతామంటే తుపాకీ వెనక్కి తెచ్చేసుకోవడం మేలు. సీసాలో దొరికే కోల్డ్ బ్లూ (వేడి చేయకుండా పూసే రంగు ద్రావణం) గీతలు కప్పడానికి పనికొస్తుంది కానీ గొట్టమంతా పూస్తే మచ్చలు మచ్చలుగా తేలుతుంది, త్వరగా అరిగిపోతుంది.

ఏ రంగు వేయాలన్నా ముందు పాలిష్ చేయాలి, అసలు నష్టం అందులోనే ఉంది. పాలిష్ చక్రం తగిలితే పదునైన అంచులు గుండ్రబడతాయి, నగిషీ చెదురుతుంది, తయారీదారు పేరులో అక్షరాలు అలుక్కుపోతాయి. దీనితో పోలిస్తే కాపాడే పని ఎంత తేలికో చూడండి. పల్చటి నూనె రాసి ఒక రాత్రి నాననిచ్చి, నాలుగు సున్నాల (0000, అన్నిటికంటే మెత్తటి రకం) స్టీల్ వూల్‌తో మెల్లగా రుద్దితే ఎర్రటి పొడి నూనెలో కలిసి గుడ్డకి వచ్చేస్తుంది. కింద ముదురు గోధుమరంగు మిగులుతుంది. అది ఆరోగ్యంగా ఉన్న ఇనుమే, దాన్నీ వదిలించాలని పంతం పట్టొద్దు. యాక్షన్ (గొట్టాల వెనక, పేల్చే యంత్రాంగం ఉండే ఇనుప భాగం) మీద నీలం, గోధుమ, బూడిద రంగులు కలగలిసి మబ్బుల్లా కనిపిస్తే స్టీల్ వూల్ కూడా వద్దు, నూనె గుడ్డ చాలు. ఎముక, బొగ్గు పొడుల మధ్య కాల్చి నీటిలో ముంచితే వచ్చిన రంగులవి. మళ్లీ తెప్పించాలంటే యాక్షన్‌ని మళ్లీ అంత వేడికి గురిచేయాలి, అప్పుడది వంకర తిరిగే ప్రమాదం ఉంది.

చెక్క విషయంలో నేను ఇంకాస్త మొండిని. మడమని (భుజానికి ఆనించే చెక్క భాగాన్ని) ఇసుక కాగితంతో అరగదీస్తే చెక్క ఇనుము అంచుకంటే కిందికి దిగిపోతుంది. ఆ తప్పు తెలిసినవాడి కంటికి దూరం నుంచే దొరుకుతుంది, మళ్లీ పూడ్చలేరు. పట్టుకునేచోట చెక్కిన గళ్లు కూడా మొద్దుబారిపోతాయి. సొట్టలకి ఇసుక కాగితం అక్కర్లేదు: తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, పీచు తెగనంతవరకు, ఆవిరికి చెక్క ఉబ్బి సొట్ట పైకి లేస్తుంది. తర్వాత అవిసె నూనె రెండు చుక్కలు వేసి అరచేత్తో రుద్దితే సరిపోతుంది. యాక్షన్ దగ్గర చెక్క నల్లగా, మెత్తగా తగిలితే ఏళ్ల తరబడి గన్ ఆయిల్ దిగి నానిందన్నమాట. ఆ నూనెని మాత్రం లాగి తీయించాలి, లేకపోతే కాల్చినప్పుడు అక్కడే చీలుతుంది. చెంప ఆనిన చోట, చెయ్యి పట్టినచోట వచ్చిన నునుపు ఏ వార్నిష్‌తోనూ రాదు. దాన్ని గీకించేసి కొత్తది పూయించుకుంటే అది నాన్న తుపాకీ ఎందుకవుతుందో నాకైతే అర్థం కాదు.

అమ్మే ఆలోచన ఉన్నా ఇదే మాట. సేకరించేవాళ్లు అరిగిన అసలు మెరుగుకి ఇచ్చే ధర సగటు పనివాడు తెచ్చిన కొత్త మెరుగుకి ఇవ్వరు.

మరి పూర్తి మరమ్మతు ఎప్పుడు? ఎవరో ఇప్పటికే చక్రం పెట్టి అసలు మెరుగంతా పోగొట్టి ఉంటే, తుప్పు గుంటలు పడేంత లోతుకి దిగి ఉంటే, మడమ మెడ దగ్గర విరిగి ఉంటే, అప్పుడు కాపాడటానికి మిగిలింది తక్కువ. చేయించుకోండి, మంచి పనివాడి దగ్గర. గొట్టాలని విడిగా వేలాడదీసి చెక్కముక్కతో తడితే గంటలా మోగాలి. బొంగురుగా జీరపోతే పట్టీల టంకం ఊడిందని అనుమానించాలి. మళ్లీ టంకం పెట్టించాక రంగు ఎలాగూ వేయించాల్సిందే. మూడో దారిగా శాశ్వతంగా పనిచేయకుండా చేయించి గోడకి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. లైసెన్సు దొరికే అవకాశమే లేకపోతే తప్ప నేనైతే ఆ జోలికి పోను, మళ్లీ వెనక్కి తిప్పలేని పని అది.

ఏది చేయించినా తోలు సంచిలో మూసిపెట్టొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. తాళం వేసిన పొడి బీరువాలో గొట్టాల మూతి కిందికి ఉండేలా నిలబెడితే మిగులు నూనె చెక్కలోకి దిగదు.