శాలువానా, శాశ్వత నిధా: వైద్య పరిశోధకులను గౌరవించడానికి ఏది మేలు?

ఒడిశాలో, బరంపురంలోని మా తెలుగు సంఘంలో ఈ ఏడాది ఒక చర్చ నడుస్తున్నది. గంజాం పల్లెల్లో బోదకాలుపై ముప్పై ఏళ్లకు పైగా పరిశోధన చేసి విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక పెద్దావిడను గౌరవించడానికి రెండు లక్షల రూపాయలు వెచ్చించాలని అందరూ ఒప్పుకున్నారు. అయితే ఆ సొమ్మును జీవితకాల సాధన పురస్కారంగా ఆవిడ చేతికే ఇవ్వాలా, లేక ఆవిడ పేరిట శాశ్వత నిధిగా బ్యాంకులో వేసి యువ పరిశోధకులకు ఏటా వేతనం ఇవ్వాలా అన్న దగ్గర సభ్యులు రెండుగా చీలారు. ఏదైనా వార్డుకు ఆవిడ పేరు పెట్టించాలని కూడా ఒకరన్నారు గాని, అది మన చేతిలోని పని కాదు.

నిధి కోరేవారి వాదన వినసొంపుగా ఉంటుంది: సన్మానం ఒక సాయంత్రంతో ముగుస్తుంది, నిధి తరాలపాటు నిలుస్తుంది. కానీ లెక్క వేసి చూస్తే ఏడు శాతం వడ్డీకి రెండు లక్షల మీద ఏడాదికి వచ్చేది 14,000 రూపాయలు. పరిశోధనలో తొలి మెట్టు మీదుండే జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 నుంచి నెలకే 37,000 ఇస్తున్నారు. అర నెల జీతానికి కూడా చాలని మొత్తాన్ని వేతనం అనడం నాకు సబబుగా తోచదు. కోటి రూపాయలు పోగుచేయగల సంస్థ అయితే నేను నిధివైపే ఓటు వేసేవాణ్ణి.

రెండో సంగతి కాలం: గౌరవం మనిషి బతికుండగానే అందాలి. కోళ్లలో క్యాన్సర్‌ను కలిగించే వైరస్‌ను 1911లో గుర్తించిన పేటన్ రౌస్‌కు నోబెల్ 1966లో, 87వ ఏట అందింది. అప్పటికి బతికి ఉండడం ఆయన అదృష్టం. 1971లో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగాఁ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడిన దిలీప్ మహలనబీస్ 2022 అక్టోబరులో కన్నుమూశారు. పద్మవిభూషణ్ 2023 జనవరిలో ప్రకటించారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి మరీ దగ్గరిది. మా వీధికి ఆశా దీదీ వచ్చి, పెద్దవాళ్లకు బోదకాలు రాకుండా ఇచ్చే డీఈసీ మాత్రలు మూడేసి లెక్కపెట్టి, తన ఎదుటే మింగించి, గుమ్మం పక్క గోడమీద సుద్దతో గుర్తు పెట్టి వెళుతుంది. ఆ మందును బోదకాలుకు అందించింది లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో సుబ్బారావుగారు నడిపిన పరిశోధన బృందమే. ఆయన 1948లో పోయారు, మన తపాలా బిళ్ల 1995లో వచ్చింది.

ఇంతమాత్రాన మన సన్మానాలు బాగుంటాయని కాదు. మూడేళ్ల కిందట ఒక సభలో ఓ వృద్ధ శాస్త్రవేత్తకు శాలువా కప్పగా చూశాను. సన్మాన పత్రంలో ‘నిరాడంబరులు, సేవాతత్పరులు’ అన్న మాటలు తప్ప ఆయన ఏమి కనుగొన్నారో ఒక్క వాక్యం లేదు. అతిథుల ప్రసంగాలు గంటన్నర సాగాక ఆయనకు మైకు దక్కేసరికి వెనక కుర్రవాడు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. చేసిన పనిని చెప్పడం అంత కష్టమేమీ కాదు. ఇక్కడికి పొరుగునే ఉన్న శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామిగారు ఉప్పులో అయోడిన్ కలిపితే గళగండం (గొంతు దగ్గర వచ్చే వాపు) తగ్గుతుందని కాంగ్రా లోయలో నిరూపించారని ఒక్క ముక్కలో చెప్పవచ్చు.

అందుచేత నా ఓటు పురస్కారానికే, కొన్ని షరతులతో. సన్మాన పత్రాన్ని ఆవిడ రంగం తెలిసిన డాక్టరే రాయాలి. అతిథి ఒక్కరే ఉండాలి. బోదకాలు క్రిములు నెత్తురులో ఎక్కువగా రాత్రివేళే కనబడతాయి కనుక ఆవిడ అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నిద్రలేపి వేలికొసన నెత్తురుచుక్క తీసేవారు. ఆ కథను ఆవిడ నోటనే, ఒడియా, తెలుగు రెండింటిలోనూ, ముప్పావుగంటపాటు వినాలి. లక్షన్నర ఆవిడకు ఇచ్చి, మిగిలిన యాభై వేలతో ఇంట్లో బీరువాలో చెదలకు దగ్గరవుతున్న ఆవిడ నోటు పుస్తకాలను స్కాన్ చేయించాలి. తేదీ మాత్రం వానలకు ముందే ఖాయం చేయాలి; ఆవిడకు ఎనభై మూడు నడుస్తున్నాయి.