మోకాలు అరిగితే సూదా, ఆపరేషనా?

మా చిన్నమ్మది దేవరకొండ దగ్గర ఊరు. ముప్పై ఏళ్లు వంగి నాట్లు వేసిన మనిషి. ఇప్పుడు అరుగు మీది నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. మొన్నామధ్య హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే, డాక్టర్ ఎక్స్‌రే చూడకముందే కౌన్సెలర్ రేటు చెప్పింది. రెండు మోకాళ్లకు స్టెమ్ సెల్ (మూలకణాల) సూదులు, మూడు లక్షలు, గుజ్జు మళ్లీ పెరుగుతుంది అని. తిరిగి వస్తుంటే బస్సులో చిన్నమ్మ అడిగింది: “ఒక్క సూదితోని అయిపోతదంటే కోసుడెందుకు బిడ్డా?”

జవాబు చెప్పడానికి నాకు నెల పట్టింది.

మనం గుజ్జు అనేది నిజానికి ఎముకల చివర నున్నగా అంటుకుని ఉండే మృదులాస్థి. దానిలో రక్తనాళాలు ఉండవు. అందుకే చెయ్యి తెగితే మానినట్టు అది మానదు. దాన్ని మళ్లీ పెంచాలని పరిశోధకులు ఎప్పటి నుంచో కుస్తీ పడుతున్నారు. 1994లో స్వీడన్ డాక్టర్లు రోగి మోకాలి నుంచే కొన్ని మృదులాస్థి కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి, తిరిగి అదే మోకాలిలో పెట్టిన ఫలితాలు ప్రకటించారు. ఆటలో దెబ్బ తగిలి ఒకచోట గుజ్జు ఊడిన కుర్రాళ్లకు ఆ పద్ధతి పనికొస్తుంది. చిన్నమ్మకు పనికిరాదు. రోడ్డు మీద గుంత పూడ్చడం వేరు, రోడ్డంతా లేచిపోవడం వేరు.

ఇక స్టెమ్ సెల్ సూది. ఇక్కడే మనల్ని బోల్తా కొట్టిస్తారు, ఎందుకంటే ఒకే పేరుతో రెండు వేరువేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. మొదటిది, తుంటి ఎముకలోంచి మూలుగు, అంటే మజ్జ, లాగి, మిషన్‌లో తిప్పి, అదే రోజు మోకాలిలో ఎక్కించేది. మాకు రేటు చెప్పింది దీనికే. 2023లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. 475 మందిలో ఈ మూలుగు సూదిని, కొవ్వు నుంచి తీసిన కణాలను, బొడ్డుతాడు కణాలను మామూలు స్టెరాయిడ్ సూదితో పోల్చారు. ఏడాది తర్వాత చూస్తే మూడింట్లో ఏదీ స్టెరాయిడ్ కంటే మెరుగు కాలేదు. చవక సూదితో సమానమైన దానికి లక్షలెందుకు?

రెండోది బెంగళూరు స్టెంప్యూటిక్స్ కంపెనీ దాతల మూలుగు నుంచి పెంచి తయారుచేసే మందు. దీనికి 2022లో మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది, అదీ గ్రేడ్ 2, 3 అరుగుదలకే (గ్రేడ్ పెరిగేకొద్దీ అరుగుదల ఎక్కువ, 4 అంటే బాగా అరిగినట్టు). ట్రయల్‌లో, అంటే మనుషుల మీద చేసిన పరీక్షలో, 146 మంది పాల్గొన్నారు, ఒక డోసులో రెండున్నర కోట్ల కణాలు. ఏడాది పాటు నొప్పి ఉత్తుత్తి సూది కంటే బాగా తగ్గింది. గుజ్జు చెడిపోవడం నెమ్మదించిన సూచనలు కనిపించాయి గానీ, పోయిన గుజ్జు తిరిగొచ్చిందని ఆ ట్రయల్‌లో తేలలేదు. డబ్బుంటే, గ్రేడ్ సరిపోతే, ఇది ఆలోచించదగ్గదే. అనుమతి లేని స్టెమ్ సెల్ వైద్యాన్ని మాత్రం ట్రయల్‌గా తప్ప చేయకూడదని 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు స్పష్టంగానే చెబుతున్నాయి. కౌన్సెలర్‌ను ఆ అనుమతి కాగితం చూపించమంటే “సార్ వచ్చాక మాట్లాడండి” అంది. సార్ రాలేదు.

పీఆర్‌పీ, అంటే మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు తీసి ఎక్కించే సూది. 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద చూస్తే ఉప్పు నీళ్ల సూదికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నేనైతే దీనికి రూపాయి పెట్టను.

ఇక ఆపరేషన్. కీలు మార్పిడి పాత పద్ధతి కాబట్టి దాని కథ మనకు తెలుసు. 2019లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం, మార్చిన మోకాళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. సూదుల్లో దేనికీ ఇంత పొడవైన లెక్క లేదు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు కళ్లెం వేసింది. ఎక్కువగా వాడే రకం ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు) సుమారు లక్షా 58 వేల నుంచి 54,720 రూపాయలకు దిగింది. ఆసుపత్రి ఖర్చు వేరే. నష్టాలూ ఉన్నాయి. వందలో ఒకరికి అటూఇటుగా ఇన్ఫెక్షన్ వస్తుంది, వస్తే పెద్ద తలనొప్పి. పైగా కింద కూర్చోవద్దంటారు. పీట మీద కూర్చుని కూరగాయలు తరిగే మనిషికి, నేల మరుగుదొడ్డి ఉన్న ఇంటికి ఇది చిన్న మాట కాదు. దీని గురించి డాక్టర్‌ను ముందే అడగాలి.

మన నల్లగొండ జిల్లాలో ఇంకో చిక్కుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగినవాళ్లకు కీళ్లు పట్టేయడం అరుగుదల వల్లే అని చెప్పలేం, ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా కావచ్చు. నడుము, మెడ కూడా బిగుసుకుపోతే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్‌ను ఏ కణాల సూదీ కడగలేదు.

తర్వాత నల్లగొండలో ఎముకల డాక్టర్‌కు చూపించాం. చిన్నమ్మ కుడి మోకాలు గ్రేడ్ 4, ఎడమది 3. కుడిదానికి ఆపరేషన్ అనుకున్నాం. ఎడమదానికి తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం. కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. చిన్నమ్మ నమ్మలేదు, కానీ రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె ఒకటే తింటోంది.

వరి కోతలయ్యాక ఆపరేషన్. ఈలోపు ఇంట్లో కమోడ్ పెట్టించాలి. మేస్త్రీకి చెప్పాం, వచ్చే వారం వస్తానన్నాడు.