సిస్టమ్ మారితే జనానికి ఏమవుద్ది? ఒక ఆడియో కోర్సు మీద నా రివ్యూ

రాజకీయ వ్యవస్థ, ఆర్థిక వ్యవస్థ రెండూ దాదాపు ఒకేసారి తలకిందులైన దేశాల్లో మామూలు జనం బతుకులు ఎలా మారాయి అన్న దాని మీద ఒక ఆడియో కోర్సు ఈమధ్యే పూర్తి చేశా. యాప్ పేరు చెప్పను, ఎందుకంటే కింద కొంచెం గట్టిగానే తిట్టబోతున్నా, పైగా ఇదే సిలబస్‌తో ఇలాంటివి బోలెడు ఉన్నాయి కాబట్టి మీరు ఏది తీసుకున్నా అందులో ఏం వెతుక్కోవాలో తెలియడానికి ఇది పనికొస్తది. కంటెంట్ చాలా బాగుంది, యాప్ మాత్రం ఘోరం.

మొదటి సెక్షన్ మొత్తం థియరీ. నిద్రొస్తది, నిజంగా. అందులో ఒక్కటి మాత్రం వదలొద్దు, రాల్ఫ్ డారెన్‌డార్ఫ్ అనే సోషియాలజిస్ట్ 1990లో చెప్పిన లెక్క. తూర్పు యూరప్‌లో రాజ్యాంగం మార్చడానికి ఆరు నెలలు చాలు, ఆర్థిక వ్యవస్థ గాడిన పడడానికి ఆరేళ్లు పట్టొచ్చు, కానీ ఆ రెండింటికీ సమాజంలో పునాది పడాలంటే అరవై ఏళ్లు కావాలి అన్నాడు. కోర్సు మొత్తం నడిచేది ఈ తేడా మీదే. చట్టం రాత్రికి రాత్రి మారుద్ది, రేట్లు వారంలో మారతాయి, ఫ్యాక్టరీ ఏడాదిలో మూతపడుద్ది, అందులో పాతికేళ్లు పని చేసినాయన మాత్రం అదే మనిషి, అదే అలవాట్లు, అదే నమ్మకాలు. చాలా కోర్సులు ఎవరు ఏ మంత్రి, ఏ సంతకం ఎప్పుడు పెట్టాడు అనే దగ్గరే ఆగిపోతాయి, ఇది ఆ సంతకం తర్వాత కథ చెప్తది, అందుకే నాకు నచ్చింది.

పోలాండ్ చాప్టర్‌తో అసలు ఊపొస్తది. 1989 జూన్ 4 ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ చిత్తుగా ఓడిపోయింది, 1990 జనవరి 1 నుంచి ఆర్థిక మంత్రి లెషెక్ బాల్సెరోవిచ్ ప్లాన్ అమల్లోకి వచ్చింది, చాలా వస్తువుల రేట్ల మీద కంట్రోల్ ఎత్తేశారు, ఆ ఒక్క నెలలోనే ధరలు దాదాపు 80 శాతం పెరిగాయి. ఇక్కడి దాకా ఎవరైనా చెప్తారు. ఈ కోర్సులో చెప్పే మేడమ్ మాత్రం క్యూలతో మొదలుపెట్టింది. అంతకుముందు వాషింగ్ మెషీన్ కోసమో ఫర్నిచర్ కోసమో జనం రోజుల తరబడి క్యూ కట్టేవాళ్లు, ఎవరి నంబర్ ఎంతో రాసుకోవడానికి వాళ్లలో వాళ్లే కమిటీ వేసుకుని లిస్టు మెయింటెయిన్ చేసేవాళ్లు, డబ్బులు తీసుకుని ఇంకొకరి బదులు నిలబడే రిటైర్డ్ వాళ్లు కూడా ఉండేవాళ్లట. అప్పుడు జేబులో డబ్బులున్నా కొనడానికి సరుకు ఉండేది కాదు, కాబట్టి ఓపిక, టైమ్, షాపులో తెలిసినవాళ్లు, ఇవే అసలు ఆస్తి. రేట్లు వదిలేశాక షాపులు నిండాయి, క్యూలు మాయం, కానీ ఇప్పుడు డబ్బుల్లేవు. అంటే కరువు తీరలేదు, జాగా మారింది అంతే. అంతకుముందు పరిచయాలున్నోడు గొప్ప, ఇప్పుడు క్యాష్ ఉన్నోడు గొప్ప, ఒక తరం మొత్తం పోగేసుకున్న పరిచయాల విలువ కొన్ని వారాల్లో సున్నా అయిపోయింది. ఈ కోణం నేను వేరే ఎక్కడా ఇంత క్లియర్‌గా వినలేదు.

అదే చాప్టర్‌లో వార్సాలోని పాత స్టేడియం గురించి ఉన్న బిట్ అయితే వెనక్కి జరిపి మళ్లీ విన్నా. కమ్యూనిస్టు ప్రభుత్వం పదో వార్షికోత్సవానికని 1955లో కట్టిన స్టేడియం అది, తర్వాత పాడుబడింది, 1989 తర్వాత దాని చుట్టూ, మెట్ల మీద, గట్టు మీద వ్యాపారులు దిగిపోయి యూరప్‌లోనే పెద్ద బహిరంగ మార్కెట్లలో ఒకటిగా చేసేశారు. సోవియట్ దేశాల నుంచి బ్యాగులు మోసుకొచ్చినవాళ్లు, వియత్నాం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, పని పోయిన లోకల్ జనం, అందరూ అక్కడే. సిటీ రోడ్ల మీద కూడా మడత మంచం వేసి దాని మీదే సరుకు పరిచి అమ్మేవాళ్లట. స్టాల్ లేదు, బోర్డు లేదు, మంచమే షాపు. పెట్టుబడిదారీ వ్యవస్థ ఎలా మొదలవుద్ది అని పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాస్తారు గానీ నాకైతే ఆ మడత మంచం వింటే అర్థమైపోయింది. చివరికి అదే జాగాలో 2012 యూరో కప్ కోసం కొత్త స్టేడియం కట్టారు.

ఇంకోటి, పోలాండ్‌ని సక్సెస్ స్టోరీ అని చెప్పేసి వదిలేయలేదు. దాదాపు సున్నాగా ఉన్న నిరుద్యోగం 1993 కల్లా 16 శాతం దాటింది, అదే ఏడాది ఎన్నికల్లో పాత కమ్యూనిస్టుల వారసుల పార్టీయే గెలిచింది. నాలుగేళ్ల కింద తరిమేసినోళ్లనే జనం మళ్లీ ఎందుకు తెచ్చుకున్నారు అని అడిగి, ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఎకనామిస్ట్ 1973లో చెప్పిన టన్నెల్ పోలిక తీసుకొస్తారు. రెండు లేన్ల టన్నెల్‌లో ట్రాఫిక్ జామ్ అయింది, పక్క లేన్ కదిలింది అనుకోండి, మొదట మనకీ హ్యాపీనే, హమ్మయ్య మనది కూడా కదులుద్ది అని. ఎంతసేపైనా పక్కోడు పోతూనే ఉండి మనం అక్కడే ఉంటే అప్పుడు మంట మొదలవుద్ది. మార్పు మొదట్లో జనం అంత కష్టాన్ని ఎందుకు ఓర్చుకున్నారో, తర్వాత అంత చిన్న వాటికి ఎందుకు ఓర్చుకోలేకపోయారో రెండూ దీనితో తేలిపోయాయి.

రష్యా సెక్షన్ ఒక్కసారి కూర్చుని వినలేం, బరువుగా ఉంటది. 1992 జనవరి 2న రేట్లు వదిలేశారు, ముసలాళ్లు దాచుకున్న సేవింగ్స్ అన్నీ కరిగిపోయాయి. అదే ఏడాది అక్టోబర్ నుంచి పసిపిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ 10,000 రూబుళ్ల ముఖ విలువ ఉన్న వోచర్ ఇచ్చారు, ప్రభుత్వ కంపెనీల్లో మీ వాటా ఇదీ అని. దాన్ని నడిపించిన అనాతొలీ చుబైస్ ఒక వోచర్ విలువ రెండు వోల్గా కార్లంత అవుద్ది అన్నాడు. కానీ చేతిలో ఉన్న కాగితం ఏంటో, దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలీదు, షేర్ అంటే ఏంటో తెలియని దేశంలో షేర్లు పంచారు, చాలామంది మెట్రో స్టేషన్ దగ్గర అట్టముక్క పట్టుకుని నిలబడ్డోడికి వచ్చినకాడికి అమ్మేసుకున్నారు. చట్టం ప్రకారం అందరూ సమానంగా ఓనర్లే, కానీ ఏం చేయాలో తెలిసినోడే నిజం ఓనర్ అయ్యాడు.

గుస్ ఖ్రుస్తాల్నీ అని గాజు సామాన్ల ఊరు ఒకటుంది, అక్కడ ఫ్యాక్టరీలో జీతానికి డబ్బుల్లేక వర్కర్లకి క్రిస్టల్ గ్లాసులే ఇచ్చేవాళ్లు, వాళ్లు రైళ్లలో, రోడ్డు పక్కన నిలబడి అవి అమ్ముకునేవాళ్లు. అప్పటి దాకా గౌరవంగా తయారు చేసిన చేతులతోనే ఇప్పుడు బేరమాడాలి. మగాళ్ల సగటు ఆయుష్షు 1990లో దాదాపు 64 ఏళ్లు ఉంటే 1994కి 58 లోపుకి పడిపోయింది, యుద్ధం లేకుండా, కరువు లేకుండా. మందు, గుండె జబ్బులు, రేపు ఏమవుద్దో తెలియని టెన్షన్, వీటిలో ఏది ఎంత అన్న దాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి, కోర్సు కూడా ఒక్క కారణానికి కట్టేయకుండా వదిలింది, మంచి పని చేశారు.

తూర్పు జర్మనీ బెస్ట్ చాప్టర్, ఇందులో డౌటే లేదు. ఎందుకంటే అక్కడ అన్నీ అనుకూలమే కదా, పక్కనే డబ్బున్న అన్న లాంటి పశ్చిమ జర్మనీ, ఒకే భాష, రెడీమేడ్ చట్టాలు. అయినా దెబ్బ మామూలుగా తగల్లేదు. 1990 జులై 1న కరెన్సీ కలిపేశారు, జీతాలు ఒకటికి ఒకటి లెక్కన మార్చారు, జనం పండగ చేసుకున్నారు, కానీ ఫ్యాక్టరీలు ఆ జీతాలు బలమైన పశ్చిమ జర్మనీ మార్కుల్లో కట్టలేక, సరుకు కొనేవాడు లేక కూలబడ్డాయి. ప్రైవేట్ చేయడానికి పెట్టిన ట్రాయ్‌హాండ్ అనే సంస్థ చేతిలోకి దాదాపు 8,500 కంపెనీలు, 40 లక్షల మంది ఉద్యోగులు వచ్చారు, 1994 చివరికి దుకాణం సర్దేశారు. ఇక్కడ మేడమ్ చెప్పిన పాయింట్ చూడండి, అక్కడ ఫ్యాక్టరీ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, పిల్లల్ని చూసుకునే క్రెష్, క్యాంటీన్, క్లినిక్, సెలవులకి వెళ్లే గెస్ట్ హౌస్, స్పోర్ట్స్ క్లబ్ అన్నీ దాని కిందే. గేటు మూశారంటే జీతం ఒక్కటే ఆగిపోలేదు, ఊరి పలకరింపులు కూడా ఆగిపోయాయి. ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచడం మామూలు అనుకున్న ఆడవాళ్ల మీద ఎక్కువ పడింది. 1989లో అక్కడ దాదాపు 2 లక్షల మంది పిల్లలు పుడితే 1994లో 80 వేల లోపే. ఏ ఉపన్యాసం కన్నా ఈ నంబర్ ఎక్కువ చెప్తది.

చైనా ముక్క చిన్నదే గానీ బాగుంది. 1978లో షియావ్‌గాంగ్ ఊళ్లో 18 కుటుంబాల రైతులు సామూహిక భూమిని రహస్యంగా పంచుకుని, ఎవరైనా జైలుకెళ్తే వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లొచ్చే దాకా మిగతావాళ్లు పెంచాలి అని కాగితం రాసుకుని వేలిముద్రలేశారు. పైనుంచి వచ్చిన సంస్కరణ అని అందరూ అనుకునేది కింద నుంచి కూడా తోసుకొచ్చింది అని చూపించారు.

ఇక తిట్లు. స్పెయిన్, సౌత్ ఆఫ్రికా రెండింటినీ ఒకే ఎపిసోడ్‌లో కుక్కేశారు, ఇది అన్యాయం. స్పెయిన్‌లో 1977 క్షమాభిక్ష చట్టంతో ఫ్రాంకో నియంతృత్వం నాటి పాత గాయాలు కదపొద్దు అనుకున్నారు, సౌత్ ఆఫ్రికాలో 1996 నుంచి వర్ణవివక్ష నాటి నేరాలు విచారించే కమిషన్ ముందు జనం నోరు విప్పి చెప్పారు, ఒకటి మౌనం ఒకటి సాక్ష్యం, రెండిటికీ దేని ఖరీదు దానికి ఉంది. దీని మీదే ఒక కోర్సు పెట్టొచ్చు. సౌత్ ఆఫ్రికాలో ఓటు మారినంత స్పీడుగా భూమి, ఆస్తి చేతులు మారలేదు అన్న ముక్క ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. ఇంటర్వ్యూలు కూడా ఎక్కువ సిటీ వాళ్లవే, పల్లెటూళ్లో ఉండిపోయినవాళ్లు దాదాపు వినపడరు.

క్విజ్‌లు మరీ దారుణం. అంత మంచి చాప్టర్ విన్నాక ఫలానా ప్లాన్ ఏ తేదీన మొదలైంది అని నాలుగు ఆప్షన్లు ఇస్తారు, ఎవడికి కావాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తప్పుల తడక, ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ పెట్టుకుంటే మధ్యలో ఎగిరిపోద్ది, సపోర్ట్‌కి రాస్తే అదే రెడీమేడ్ రిప్లై వస్తది.

కొనాలా అంటే కొనొచ్చు, కానీ ఆర్డర్‌లో వినకండి. చివర్లో దాచిపెట్టిన అల్బేనియా ఎపిసోడ్ ముందు వినండి. బ్యాంకులంటే సరిగా అలవాటు లేని జనం, ఇల్లు, పశువులు అమ్మేసి గొలుసు స్కీముల్లో పెట్టారు, ఆ స్కీములు జనానికి బాకీ పడ్డది ముఖ విలువలో చూస్తే దేశ జీడీపీలో దాదాపు సగం, 1997లో అన్నీ కూలిపోతే జనం ఆయుధ గోడౌన్లు పగలగొట్టారు, దాదాపు 2,000 మంది చనిపోయారు, ప్రభుత్వం పోయింది. పాత నమ్మకం పోయి కొత్త నియమాలు ఇంకా రాని మధ్య గ్యాప్‌లో ఎవడు దూరతాడో అది వింటే తెలుస్తది, తర్వాత పోలాండ్, జర్మనీ వింటే ఇంకా బాగా ఎక్కుతాయి. 5కి 4 ఇస్తున్నా, కట్ చేసిన ఆ ఒక్కటీ పూర్తిగా యాప్ ఖాతాలోనే, మేడమ్‌కి కాదు.