రిలీజ్, డిశ్చార్జ్, ఎమిట్: ఎక్కడ ఏది మేలు?

ఖైదీకీ, సినిమాకీ, నిధులకీ, కాలువ నీటికీ తెలుగులో 'విడుదల' ఒక్కటే చాలు. ఆ అలవాటుతో ఇంగ్లీషులోనూ అన్నిటికీ రిలీజ్ రాసేస్తుంటారు. చాలాచోట్ల నడిచిపోతుంది, కొన్నిచోట్ల అర్థం తిరగబడుతుంది.

రిలీజ్ లాటిన్ 'రెలక్సారే' నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. పట్టు సడలించడమని దాని అర్థం. రిలాక్స్ దీనికి తోబుట్టువు. లీజ్, కుక్క మెడకు కట్టే లీష్ కూడా ఈ కుదురువే. అందుకే బిగించి పట్టుకున్నదాన్ని వదిలేచోట, అంటే జైలు, బ్రేకు, వాల్వు విషయంలో ఇదే సరైన మాట.

డిశ్చార్జ్‌లో ఉన్నది బండి. లాటిన్‌లో బండిని 'కర్రుస్' అంటారు. కార్, క్యారీ, కార్గో అన్నీ దాని సంతానమే. బండి మీది సరుకు దించడం డిశ్చార్జ్. ఈ ఒక్కటి గుర్తుంటే చిక్కుముడులు విడిపోతాయి. విధులను డిశ్చార్జ్ చేయడమంటే నిర్వర్తించడం, మోయాల్సిన బరువును చేర్చాల్సిన చోట దించడం. అదే విధుల నుంచి రిలీజ్ అయ్యారంటే ఆ పని నుంచి తప్పించినట్టు! ఉద్యోగ దరఖాస్తులో ఈ తేడా చిన్నది కాదు. అప్పు తీరడం, బ్యాటరీ దిగిపోవడం, తుపాకీ పేలడం కూడా బరువు దిగడమే.

కోర్టులో మరీ జాగ్రత్త. బెయిల్ మీద రిలీజ్ అయితే మనిషి బయటికొస్తాడు, కేసు మాత్రం అలాగే ఉంటుంది. అభియోగాలు మోపడానికి తగిన ఆధారాలు లేవని ముందే కేసు నుంచి తప్పిస్తే డిశ్చార్జ్. విచారణ ముగిశాక నిర్దోషిగా తేలిస్తే అక్విటల్. డిశ్చార్జ్ అక్విటల్‌తో సమానం కాదు. కొత్త ఆధారాలు దొరికితే కేసు మళ్లీ కదలవచ్చు.

జలాశయాల దగ్గర రెండూ పక్కపక్కనే ఉంటాయి. నాగార్జునసాగర్ క్రస్ట్ గేట్లు 26. వాటిలో కొన్నిటిని ఎత్తి నీళ్లు వదలడం రిలీజ్. సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు పోతున్నాయో ఆ లెక్క డిశ్చార్జ్. సుమారు 11,574 క్యూసెక్కులు 24 గంటలు పారితే ఒక టీఎంసీ.

ఎమిట్‌కు మూలం 'మిత్తెరె', పంపడం. మిషన్, మిసైల్, సబ్మిట్‌లలో ఉన్నదీ అదే. ఇక్కడ పట్టుకునేవారూ వదిలేవారూ అక్కర్లేదు, మూలమే తనలోంచి బయటికి పంపుతుంది. దీపం వెలుగును, ఇంజను పొగను ఎమిట్ చేస్తాయి. డ్యాం నీటిని ఎమిట్ చేసిందనడం తప్పు.

ఒకే ఫ్యాక్టరీ మీద నివేదిక రాస్తున్నా మూడూ కావాలి: పొగగొట్టం పొగకు ఎమిట్, కాలువలో కలిసే వ్యర్థజలాలకు డిశ్చార్జ్, వాల్వు తెరిచి ట్యాంకులోంచి వదిలిన వాయువుకు రిలీజ్.