డ్రమ్ములు పట్టుకుపోవాలా, అక్కడే కప్పెట్టాలా?

2025 జులైలో కేంద్రం విషంతో పాడైన స్థలాలను బాగుచేయించే నియమాలు తెచ్చినప్పటి నుంచి ఒడిశా బరంపురంలో కనిపించిన ప్రతివాళ్లూ నన్ను ఒకటే అడుగుతున్నారు. మూతపడ్డ ఫ్యాక్టరీ గోడౌను మన ఊరి పక్కనుంది, దాన్నిండా రసాయన వ్యర్థాల డ్రమ్ములు, రేపు పొల్యూషన్ బోర్డు వాళ్లు వచ్చి ఊరివాళ్ల మాట అడిగితే ఏం చెప్పాలి అని. తీరంలో ఉండే మా పిన్ని ఫోన్ చేసి నేరుగా విషయానికే వచ్చింది: "ఒరే, ఆ డ్రమ్ములు పట్టుకుపోమందుమా, అక్కడే కప్పెట్టీమందుమా? ఏది మేలురా?"

ముందు కప్పెట్టడం సంగతి. దీన్ని తీసిపారెయ్యక్కర్లేదు. చుట్టూ భూమిలోకి గోడ దింపి, పైన మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, బంకమట్టి పోసి, దాని మీద గడ్డి పెంచుతారు. వాన లోపలికి దిగదు, దుమ్ము లేవదు. విషాన్ని లారీల మీద ఊళ్ల మధ్య నుంచి తిప్పే పని ఉండదు, ఇంకో ఊరితో తగువూ ఉండదు. ఖర్చు కూడా తక్కువే. పాడైన మట్టి లక్షల టన్నుల్లో ఉంటే అసలు వేరే దారే దొరకదు. తమిళనాడు రాణిపేటలో 1995లో మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ దగ్గర రెండు లక్షల టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం గుట్టగా మిగిలిపోయింది. అంత సరుకు ఎన్ని లారీలకు ఎత్తుతారు, ఎక్కడ దించుతారు?

అయినా నేను పిన్నికి కప్పెట్టమని చెప్పలేదు. కారణం నీళ్లు. నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే.

ఋషికుల్య మొగ నుంచి గోపాల్‌పూర్ దాకా మనది ఇసుక నేల. వానాకాలంలో కొద్ది అడుగులు తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. పిన్ని వాళ్ల నూతిలో భాద్రపదం వచ్చేసరికి తాడు అక్కర్లేదు, వంగి బిందె ముంచుకోవచ్చు. పైన షీటు వేస్తే ఆగేది ఆకాశం నుంచి పడే వాన. అడుగు నుంచి పైకి పొంగే ఊటను అది ఏం చేస్తుంది? చుట్టూ దింపే గోడ నీళ్లు దిగని బంకమట్టి పొరలో నాటుకోవాలి. ఆ పొర ఎంత లోతులో ఉందో, అసలు ఉందో లేదో బోర్లు వేసి చూడకుండా కప్పెడితే, గొడుగు పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డట్టే.

దానికి తోడు మనది తుపాన్ల దారి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 1999లో సూపర్ సైక్లోన్‌కు పది పన్నెండు రోజుల ముందు ఇంకోటి మన గంజాం మీదికే వచ్చింది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. ఇంటి మీద రేకులే నిలవని చోట కప్పెట్టినదాన్ని దశాబ్దాల తరబడి ఏటేటా చూసుకోవాలి. షీటు చిరిగిందా, మట్టి జారిందా, చుట్టూ బోర్లలో నీళ్లు మారాయా అని. చూస్తామని కాగితం మీద రాస్తారు. మా వీధి కల్వర్టు కింద పూడిక తీస్తామని రాసిచ్చిన కాగితం కూడా నా దగ్గర ఇంకా భద్రంగానే ఉంది.

ఇక పట్టుకుపోవడం. దీని మీద జనానికి ఉన్న పెద్ద భ్రమ ఏమిటంటే, తీసుకెళ్లి కాల్చేస్తే మాయమైపోతుందని. పురుగుమందులు, సాల్వెంట్ల (కరిగించడానికి వాడే రసాయనాల) లాంటివైతే వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో విరిగిపోతాయి, నిజమే. లోహం కాలదు. గంజాంలో 1967లో మొదలైన కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ పాదరసం వాడే విద్యుత్ సెల్లతో నడిచింది. ఆ చుట్టుపక్కల పాదరసం ఎంతుందో బరంపురం యూనివర్సిటీ వాళ్లు ఎప్పుడో కొలిచారు. అలాంటి మట్టిని కొలిమిలో వేస్తే పాదరసం ఆవిరై పొగగొట్టం వైపు పోతుంది. దాన్ని విడిగా పట్టాలి, లేదా గట్టిపరిచి, అడుగున లైనర్లు (నీళ్లు దిగని పొరలు) వేసిన గుంటలో పెట్టాలి. కాబట్టి డ్రమ్ములో ఏముందో ల్యాబు చెప్పకముందే కాల్చాలా వద్దా అని కొట్టుకోవడం దండగ.

భోపాల్ చూడండి. యూనియన్ కార్బైడ్ గోడౌనులో మూటలు కట్టి ఉంచిన 337 టన్నుల విష వ్యర్థాలు హైకోర్టు గట్టిగా చెబితే గానీ కదలలేదు. 2025 జనవరి మొదట్లో 12 కంటైనర్లలో ఇండోర్ దగ్గర పీథంపూర్‌లోని వ్యర్థాలు కాల్చే కేంద్రానికి చేరాయి, జూన్ ఆఖరుకు కాల్చడం అయింది. సున్నం లాంటివి కలుపుతారు కాబట్టి మిగిలిన బూడిద, అవశేషాలు కాల్చినదానికి రెండింతలు దాటాయి. దాన్ని మళ్లీ పాతాలి. పీథంపూర్ వాళ్లు మా ఊరికెందుకని రోడ్డెక్కారు, ఇద్దరు ఒంటికి నిప్పు కూడా అంటించుకున్నారు. వాళ్లది తప్పని నేననను. పైగా భోపాల్‌లో పాడైన మట్టి 11 లక్షల టన్నులని 2010లోనే నాగ్‌పూర్ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, మన హైదరాబాద్ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కలిసి అంచనా కట్టాయి. అది అక్కడే ఉంది. గోడౌను ఖాళీ అయినంత మాత్రాన స్థలం బాగుపడినట్టు కాదు.

సరుకు ఇంకా సరుకుగానే ఉంటే మాత్రం తరలింపు ఎంత తేలికో వైజాగ్‌లో చూశాం. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకయ్యాక, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్‌ను దాదాపు 13 వేల టన్నులు ఓడలకెక్కించి దక్షిణ కొరియాకు పంపేశారు. కొనేవాడో వాడేవాడో ఉంటే ఓడ దొరుకుతుంది, చెత్తకు దొరకదు.

అయినా నా ఓటు తరలింపుకే. అన్నిటికీ కాదు. డ్రమ్ములు, బురద, వాటి కింద బాగా తడిసిన మట్టి వరకు. అడుగున మిగిలినదాన్ని పరీక్షలు తేలాక చూసుకోవచ్చు. ఎక్కడికి పంపాలి అన్నది మన సరిహద్దు చిక్కు. ఇలాంటి వ్యర్థాలను తీసుకునే ఒడిశా కేంద్రం జాజ్‌పూర్ జిల్లాలో ఉంది, ఆంధ్రాది వైజాగ్ దగ్గర పరవాడలో. మనకు దూరంలో పెద్ద తేడా లేదు. కానీ పారేయడానికి రాష్ట్రం దాటించాలంటే రెండు రాష్ట్రాల బోర్డులూ అభ్యంతరం లేదని రాసివ్వాలి. రెండు ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది? జాజ్‌పూరే మేలు.

డ్రమ్ము మీద పసుపు లేబులు, ఎర్ర అక్షరాలు హిందీ, ఇంగ్లీషు, స్థానిక భాషల్లో ఉండాలని రూలు. ఇక్కడ స్థానిక భాష అంటే ఒడియా. గోడౌను గోడ పక్కన వలలు ఆరేసుకునేది మాత్రం మన తెలుగు జాలర్లు, ఒడియావాళ్లు నోలియాలని పిలిచేవాళ్లు. తెలుగులో ఒక్క ముక్క రాయించమని అడగడానికి సిగ్గేమీ లేదు.

మిగతా దారుల గురించి రెండు మాటలు చాలు. మొక్కలు నాటి విషం లాగడం పలచగా పాడైన నేలకు, పదేళ్లు ఆగగలిగితే. కంచె వేసి బోర్డు పెట్టడం ఏమీ చేయకపోవడమే. స్క్రాపు కింద వేలం అన్నిటికన్నా చెడ్డది. ఆ ఖాళీ డ్రమ్ములు సంతలో నీళ్ల డ్రమ్ములై తిరుగుతాయి.

అంతా విని పిన్ని, "అయితే లారీలు ఎప్పుడు రమ్మందుము?" అంది. దీపావళి ముందు మాత్రం వద్దన్నాను. సంక్రాంతి వెళ్లాక నూతిలో నీళ్లు కిందికి దిగుతాయి, అప్పుడు తవ్వమనండి. ఇక్కడ గోడౌను గేటు దగ్గర ఎంత తూగిందో, జాజ్‌పూర్‌లో దిగినప్పుడు ఎంత తూగిందో రెండు చీటీలూ అడిగి దాచమన్నాను.