ఏడు రోజుల విశ్రాంతి: మా ఆటను నిలబెట్టిన రూల్

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక పాత్రగా, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) 2014 రూల్స్‌తో అమలాపురంలో మా మేడ మీద గదిలో మూడేళ్లుగా ఒకే కథ ఆడిస్తున్నాను. డీఎం, అంటే కథ చెబుతూ ఆట నడిపేవాణ్ణి, నేనే. డైస్ ఎలా వేయాలి, క్యారెక్టర్ ఎలా తయారు చేసుకోవాలి అన్నవి ఇక్కడ రాయను. ఇన్నాళ్లూ నన్ను వేధించింది ఒక్కటే: స్పెల్స్ (మంత్రాలు) వేసే విజార్డ్ పక్కన కత్తి పట్టే ఫైటర్ వెలవెలబోకుండా చూడడం.

నాలుగో లెవెల్ దాకా ఏ గొడవా లేదు. ఐదో లెవెల్‌లో ఫైటర్‌కి ఒకే వంతులో రెండో దెబ్బ వస్తుంది, విజార్డ్‌కి ఒకేసారి చాలామందిని కాల్చే ఫైర్‌బాల్ వస్తుంది. కాగితం మీద నాకు రెండూ సమానంగానే కనబడ్డాయి. ఆ వారం కథలో పంటు మీద పన్నెండు మంది బందిపోట్లు ఏరు దాటి వస్తున్నారు. ఒక్కొక్కడికి 11 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు). ఫైటర్ ఆడేది మా బావ. పంటు రేవుకి తగలగానే ఎటు దూకాలి, ఎవణ్ణి ముందు కొట్టాలి అని కాగితం మీద బొమ్మ కూడా గీసుకున్నాడు. ఈలోగా విజార్డ్ కుర్రాడి వంతు వచ్చింది. ఎనిమిది డైస్ ఒకేసారి స్టీలు పళ్లెంలో వేశాడు. 31. తప్పించుకున్నవాళ్లకి సగమే పడినా చావు చావే. పంటు ఖాళీ. బావ ఆ బొమ్మ గీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "కింద టీ పెట్టమని చెప్పనా?" అంటూ లేచాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వెంటనే బావకి ప్లస్ టూ కత్తి (గురికీ, దెబ్బకీ రెండేసి కలిపే మాయ కత్తి) దొరికేలా చేశాను. రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత తనే అన్నాడు, "దెబ్బ తగులుతోంది బావా, కానీ వాడు ఒక్కసారి చెయ్యి ఊపితే అయిపోయే పనికి నేను నాలుగు రౌండ్లు కొట్టాలి కదా" అని. నిజమే. కత్తిలో లేదు లోపం, మేం నిద్రపోయే తీరులో ఉంది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు ఉంటాయనుకుని డీఎం పుస్తకం లెక్కలు వేసింది. మేం ఒక సాయంత్రానికి ఒకటో రెండో ఆడతాం. వెంటనే కథలో అందరూ పడుకుంటారు, తెల్లారేసరికి విజార్డ్ స్పెల్స్ అన్నీ తిరిగొచ్చేస్తాయి. అలిసిపోకుండా కొడుతూనే ఉండగలగడం ఫైటర్ బలం. అది బయటపడే సందే లేదు.

అదే పుస్తకంలో 'గ్రిటీ రియలిజం' అని చిన్న ఆప్షన్ ఉంది. షార్ట్ రెస్ట్ (చిన్న విశ్రాంతి) 8 గంటలు, లాంగ్ రెస్ట్ (స్పెల్స్ అన్నీ తిరిగొచ్చే పెద్ద విశ్రాంతి) 7 రోజులు. అంతే. దాన్ని వరద కథతో మొదలుపెట్టాను. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు కదా, అవే మూడు గీతలు మ్యాప్ పక్కన గీశాను. మూడో గీత దాటేలోగా లంకలో ఊరంతటినీ గట్టు దాటించాలి. నాలుగు రోజులు, ఐదు పోరాటాలు. ఏడు రోజులు పడుకునే వీలే లేదు. విజార్డ్ కుర్రాడు మొదటి రోజే రెండు ఫైర్‌బాల్స్ వాడేశాడు. ఆఖరి రాత్రి ఏటిగట్టు మీద, ఒక్కొక్కరే రాగలిగే సన్నటి చోట బావ నిలబడ్డాడు. ముందు రాత్రి నిద్రతో యాక్షన్ సర్జ్ (ఒక వంతులో రెండింతలు కొట్టే ఫైటర్ శక్తి) తిరిగొచ్చింది కాబట్టి ఒకే వంతులో నాలుగు దెబ్బలు. ఆరు రౌండ్లు ఒక్కణ్ణీ దాటనివ్వలేదు. విజార్డ్ కుర్రాడు కుర్చీలోంచి లేచి నిలబడి, "అన్నా, ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని అరుస్తున్నాడు. ఆ రాత్రి టీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఊపులో ఈ రూల్‌తో అన్నీ సర్దుకుంటాయని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. విజార్డ్‌కి ఆర్కేన్ రికవరీ (వాడేసిన స్పెల్స్‌లో కొంత తిరిగి తెచ్చుకునే శక్తి) ఉంది, షార్ట్ రెస్ట్ అయ్యాక రోజుకోసారి వాడుకోవచ్చు. రాత్రి నిద్రే షార్ట్ రెస్ట్ అయిపోయాక ఐదో లెవెల్‌లో రోజుకొక ఫైర్‌బాల్ ఉచితం! లాంగ్ రెస్ట్‌కి ఒకసారే అని అందరం ఒప్పుకుని మార్చుకున్నాం. క్లెరిక్ (స్పెల్స్‌తో గాయాలు మాన్పే పాత్ర) ఆడే మా పిన్ని కూతురికి మాత్రం ఇప్పటికీ ఇబ్బందే. "అన్నయ్యా, మూడో రోజుకి నా దగ్గర స్పెల్స్ అయిపోతున్నాయి, ఊరికే కూర్చుంటున్నాను" అంది. హీలింగ్ పోషన్లు పెంచాను. సగం నయం.

మేం నలుగురం, నెలకి రెండుసార్లు కలుస్తాం, కథ వారాల మీద నడుస్తుంది. మాకు సరిపోయింది. సంక్రాంతికి ఊరొచ్చి మూడు రోజుల్లో ఒక కథ ముగించేసేవాళ్లయితే దీని జోలికి వెళ్లకండి, గుహలో ఏడు రోజులు ఎవరు పడుకోనిస్తారు? మా పెద్దమ్మ కొడుకు భీమవరంలో ఆడిస్తాడు, వాళ్లలో ముగ్గురు స్పెల్స్ వేసేవాళ్లే, వాడికి వద్దనే చెప్పాను. మా వాళ్లు ఇప్పుడు తొమ్మిదో లెవెల్. పదకొండుకి ఫైటర్‌కి మూడో దెబ్బ వస్తుంది, విజార్డ్‌కి ఆరో లెవెల్ స్పెల్స్ వస్తాయి. అప్పుడు ఈ రూల్ నిలబడుతుందో లేదో ఆడి చూశాక మళ్లీ రాస్తాను.