బంగారు మహసీర్ కోసం మూడు నదులు: ఎక్కడ దిగాలి, ఏం చూసుకోవాలి

ఉత్తరాఖండ్‌లో మహసీర్ అనే పెద్ద నది చేపను గాలంతో పట్టి, బతికుండగానే వదిలేసే వేటకు ముందుగా చెప్పాల్సిన చోటు పంచేశ్వర్. టనక్‌పూర్‌లో రైలు దిగి లోహాఘాట్ మీదుగా కొండదారిలో నదికి చేరాలి. ప్రయాణం ఒళ్లు హూనం చేస్తుంది. అక్కడ మంచు కరిగి వచ్చే మహాకాళిలో సరయూ కలుస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ మహాకాళి చల్లగా, పాలు కలిపినట్టు మసకగా పారుతుంది, సరయూ మాత్రం తేటగా ఉంటుంది. మహసీర్ కంటితో చూసి వేటాడే చేప కనుక ఆ రెండు రంగులూ కలిసే గీత పక్కనే కాచుకుంటుంది. స్పూను, అంటే చెంచాలాంటి లోహపు ఎర, ఆ గీతకు అడ్డంగా పడాలి. అటు ఒడ్డు నేపాల్ కాబట్టి గైడు లేకుండా దిగొద్దు.

వ్యాస్‌ఘాట్‌లో నయార్ గంగలో కలుస్తుంది. దేవప్రయాగ నుంచి రోడ్డుంది, కుటుంబంతో వెళ్లేవారికి ఇదే సుఖం. నయార్ మాత్రం మహసీర్ వానాకాలంలో ఎదురెక్కి గుడ్లు పెట్టే ఏరు. ఆ నెలల్లో గాలం వేయిస్తామనే క్యాంపుకు ఎంత మంచి గది ఉన్నా వెళ్లకండి. ఫిబ్రవరి చివరి నుంచి మే వరకు, వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్, ఇంతే సీజను. మార్చులా దగ్గర రామగంగ చిన్నది, పురుగులా కట్టిన తేలికపాటి ఎర విసిరే ఫ్లై రాడ్‌కు బాగుంటుంది. కార్బెట్ పులుల అభయారణ్యం హద్దు ఎక్కడ మొదలవుతుందో గైడును అడిగి, పర్మిట్‌లో రాసిన మేరే నడవాలి.

బుక్ చేసేముందు భోజనం సంగతి తర్వాత, కొక్కేల సంగతి అడగండి. మూడు ముళ్ల కొక్కెం కన్నునో మొప్పనో చీరేస్తుంది. ఒంటి కొక్కెం పెట్టి, దాని ఎదురుముల్లును పటకారుతో నొక్కేసిన క్యాంపే నమ్మదగ్గది. లైను సన్నదైతే చేపను అలసిపోయేదాకా ఆడించాల్సి వస్తుంది. అప్పుడు వదిలినా కండరాల్లో పేరుకున్న ఆమ్లంతో కాసేపటికి చచ్చిపోవచ్చు. పెద్ద నీళ్లలో 30 పౌన్ల లాగుడుకు తెగని అల్లిక లైనుకు తగ్గకూడదు.

ఒడ్డుకు తెచ్చాక గైడు చేతులు గమనించండి. పొడిచేతులతో పట్టుకుంటే పొలుసుల మీది జిగురు ఊడి, బూజు పడుతుంది. ఇసుకలో పడుకోబెట్టి ఫొటో తీసే క్యాంపుకు మళ్లీ వెళ్లాల్సిన పని లేదు. తడిచేతులతో, ముడులు లేని వలలో, నీళ్లలోనే కొక్కెం తీయాలి. తర్వాత తోక మొదలు ఒక చేత్తో, పొట్ట కింద ఇంకో చేత్తో పట్టి, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచాలి. మొప్పలు నిదానంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. తోక చేతిని గట్టిగా విదిలించుకునేదాకా వదలకూడదు.